మేయో కౌంటీ రాతి ఇల్లు: జనగణన పత్రాలతో ఒక కుటుంబాన్నీ దాని ఇంటినీ వెతికిన కేస్ స్టడీ

ఐర్లండ్ పడమటి అంచున మేయో కౌంటీలో ఒక రాతి ఇల్లు. పలకరాయి కప్పు, నాలుగు గదులు, ముందువైపు మూడు కిటికీలు. 1910లో అమెరికా వెళ్ళిపోయిన ఒక కుర్రాడి మనవలు ఆ ఇంటి ఫొటో పెట్టి మూడు విషయాలు తేల్చమన్నారు. తాతగారు పుట్టింది ఈ ఇంట్లోనేనా? ఇల్లు ఎప్పుడు కట్టారు? 1840ల కరువు నాటికే కుటుంబం ఈ ఊళ్ళో ఉందా? ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే మాటలో మూడింటికీ జవాబులున్నాయి. దానికి తోడు వాళ్ళే వెతికి పట్టుకున్న ఆధారం ఒకటి: 1911 జనాభా లెక్కల్లో ఇది ‘రెండో తరగతి ఇల్లు’ అని రాసి ఉంది, కాబట్టి పలకరాయి కప్పు అప్పటికే ఉండేది. కేసంతా ఈ ‘కాబట్టి’ చుట్టూనే తిరిగింది.

కుటుంబం పేరు, ఊరి పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. ఇంటి నంబర్లు, ప్లాటు నంబర్లు మార్చాం. వాటి మధ్య లెక్క మాత్రం మార్చలేదు.

చేతికి దొరికే పత్రాలు ఏవి

మన దేశంలో 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ఇంటింటి పత్రాలను చూడనివ్వదు. ఐర్లండ్‌లో తెరిచారు గానీ, తెరవడానికి మిగిలినవే తక్కువ. 1821 నుంచి 1851 వరకు తీసిన లెక్కల్లో చాలా భాగం 1922 జూన్ 30న డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసుతో పాటు కాలిపోయింది. 1861, 1871 పత్రాలను ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం కొరతకు గుజ్జయిపోయాయి. పూర్తిగా మిగిలినవి రెండే: 1901 మార్చి 31 రాత్రిది, 1911 ఏప్రిల్ 2 రాత్రిది. రెండూ ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో ఉచితం.

ఈ రెండు లెక్కల్లో ప్రతి ఊరికీ ఒక కట్ట ఉంటుంది. అందులో ఫారం ఎ ఇంటివాళ్ళది: పేరు, యజమానికి ఏమవుతారు, మతం, చదువు, వయసు, వృత్తి, పెళ్ళి, పుట్టిన కౌంటీ, ఐరిష్ భాష వచ్చా. ఫారం బి1 ఇళ్ళ పట్టిక. ఫారం బి2 ఇంటి బయటి కట్టడాలది: పశువుల కొట్టం, పందుల దొడ్డి, కోళ్ళగూడు, ధాన్యం కొట్టు వగైరా. ఫారం ఎన్ ఊరు మొత్తానికి సారాంశం. చాలామంది ఫారం ఎ చూసి, పేర్లు రాసుకుని ఆగిపోతారు. ఇంటి చరిత్ర కావాలంటే అసలు చూడాల్సింది బి1, బి2. వెబ్‌సైట్‌లో వీటికి టైపు చేసిన పాఠం ఉండదు, పత్రం బొమ్మ తెరిచి చదువుకోవాలి.

పేరుతో వెతకడం కంటే కౌంటీ, డిస్ట్రిక్ట్ ఎలక్టొరల్ డివిజన్ (కొన్ని టౌన్‌ల్యాండ్ల గుంపు), టౌన్‌ల్యాండ్ అనే వరుసలో దిగడం మేలు. టౌన్‌ల్యాండ్ అంటే అక్కడి అతి చిన్న భూభాగం, దేశం మొత్తం మీద అరవై వేలకు పైగా ఉన్నాయి. ఒకే పేరున్న టౌన్‌ల్యాండ్లు ఒకే కౌంటీలో రెండు మూడు ఉండటం మామూలే కనుక డివిజన్ పేరు లేకుండా ముందుకు వెళ్ళకూడదు.

ఒకే పేరు, రెండు ఇళ్ళు

1901లో ఆ టౌన్‌ల్యాండ్‌లో 14 ఇళ్ళు. నాలుగో ఇంటి యజమానికీ తొమ్మిదో ఇంటి యజమానికీ పేరూ ఇంటిపేరూ ఒకటే. ఇద్దరూ రైతులు, వయసులు 58, 56. ఇద్దరికీ ఒకే పేరున్న కొడుకున్నాడు. ఒకడికి 9 ఏళ్ళు, ఇంకొకడికి 7. తాతగారి అమెరికా కాగితాల్లో పుట్టిన సంవత్సరం 1893 అని ఉంది. ఇద్దరిలో ఎవరికైనా సరిపోతుంది, ఎవరికీ కచ్చితంగా సరిపోదు.

ఫారం ఎ ఎంతసేపు చూసినా ఈ ముడి వీడదు. అందులో తల్లి పుట్టింటి పేరు ఉండదు. పుట్టిన చోటు కౌంటీతో ఆగిపోతుంది. అందుకని ముందు అమెరికా వైపు వెళ్ళాలి: సోషల్ సెక్యూరిటీ నంబరు కోసం పెట్టుకునే ఎస్‌ఎస్-5 దరఖాస్తులో తల్లి పెళ్ళికి ముందు పేరు అడుగుతారు. ఆ పేరుతో ఐర్లండ్ జనన రిజిస్టర్లోకి దిగితే, 1892 ఫిబ్రవరిలో నమోదైన కుర్రాడు నాలుగో ఇంటివాడని తేలింది. నూరేళ్ళు దాటిన జననాల రిజిస్టర్ పేజీలు ఐరిష్‌జీనియాలజీ డాట్ ఐఈలో ఉచితంగా కనిపిస్తాయి. రిజిస్టర్‌లోని పుట్టిన తేదీని కూడా గుడ్డిగా నమ్మకూడదు. నమోదు ఆలస్యమైతే జరిమానా ఉండేది, అందుకని అసలు తేదీ కంటే కాస్త ఆలస్యంగా పుట్టినట్టు చెప్పేవాళ్ళు. పుట్టుక కంటే ముందే బాప్టిజం జరిగినట్టు కనిపించే పిల్లలు ఇలా తయారైనవాళ్ళే.

1911 ఫారం ఎ లో అదనంగా మూడు ప్రశ్నలున్నాయి: పెళ్ళయి ఎన్నేళ్ళు, బతికి పుట్టిన పిల్లలెందరు, ఇప్పుడు జీవించి ఉన్నవాళ్ళెందరు. ఈ ఇంట్లో జవాబులు 36, 9, 7. పెళ్ళి 1875 అవుతుంది. వివాహ రిజిస్టర్‌లో అక్కడే దొరికింది. జనన రిజిస్టర్‌లో 1876 నుంచి 1895 వరకు తొమ్మిది జననాలు, మరణాల రిజిస్టర్‌లో ఇద్దరు పసిబిడ్డలు. 1901 రాత్రి ఇంట్లో ఉన్న పిల్లలు ఆరుగురే. ఏడో బిడ్డ, పెద్దకూతురు, అప్పటికే ఊరు విడిచింది. పిల్లల లెక్క ఇలా మూడు వైపుల నుంచి సరిపోతే తప్ప కుటుంబం దొరికిందని అనకూడదు.

యజమాని వయసు మాత్రం సరిపోలేదు. 1901లో 58, 1911లో 71. పదేళ్ళలో పదమూడేళ్ళు పెరిగాడు. భార్య 50 నుంచి 62కి వచ్చింది. ఇది వేరే మనిషని కొట్టిపారేస్తే కేసు అక్కడే చెడుతుంది. 1908 వృద్ధాప్య పింఛను చట్టం ప్రకారం 1909 జనవరి నుంచి 70 దాటినవాళ్ళకు వారానికి ఐదు షిల్లింగుల దాకా ఇచ్చారు. ఐర్లండ్‌లో జననాల నమోదు మొదలైందే 1864లో, కాబట్టి ముసలివాళ్ళెవరికీ జనన పత్రం లేదు. 1911లో ఊరూరా ముసలివాళ్ళ వయసు ఒక్కసారిగా పెరగడానికి ఇదే కారణం. 1901, 1911 వయసులు తేడాపడితే అరవై దాటినవాళ్ళ విషయంలో 1901నే నమ్మాలి.

ఇంటి నంబరు నంబరు కాదు

1911లో మనకు కావలసిన కుటుంబం నాలుగో ఇంట్లో లేదు, పదకొండో ఇంట్లో ఉంది. ఇల్లు మారారా? కొత్తవాళ్ళు ఎక్కువగా జారిపడేది ఈ మెట్టు మీదే. బి1లో ఉండే అంకె ఇంటి తలుపు మీద ఉండేది కాదు. లెక్క రాసేవాడు, ఎక్కువచోట్ల రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ పోలీసు, తాను నడిచిన వరుసలో వేసుకున్న అంకె. పదేళ్ళ తర్వాత వచ్చినవాడు ఊరికి అవతలి చివర నుంచి మొదలుపెడితే వరుస తలకిందులవుతుంది.

దీన్ని తేల్చడానికి రెండు బి1 పత్రాలనూ పక్కపక్కన పెట్టి ఊళ్ళో మారని గుర్తులు పట్టుకోవాలి. ఇక్కడ ఆ గుర్తు బడి. 1901లో ఐదో నంబరు, 1911లో పదో నంబరు. మన ఇల్లు 4 నుంచి 11కి, అదే పేరున్న రెండో కుటుంబం 9 నుంచి 6కి. ఏ జంటను కూడినా 15 వస్తుంది. 14 ఇళ్ళ ఊరిని తిరగేసి నడిచాడన్నమాట. ఇరుగుపొరుగు ఇంటిపేర్లు కూడా అదే తిరగేసిన వరుసలో ఉన్నాయి. కుటుంబం కదల్లేదు, పోలీసు దారి మారింది.

ఈ లెక్క కుదరాలంటే ఖాళీ ఇళ్ళను కూడా లెక్కించాలి. 1911లో ఇక్కడ ఒక ఇల్లు ఖాళీ. వెబ్‌సైట్‌లోని కుటుంబాల జాబితాలో అది ఉండదు, ఎందుకంటే దానికి ఫారం ఎ లేదు. బి1 బొమ్మలో మాత్రం ‘నివాసం లేదు’ అని నంబరుతో సహా ఉంది. జాబితాను మాత్రమే చూసినవాళ్ళకు ఆ ఇల్లు కనిపించదు, వరుస ఒక మెట్టు తప్పుతుంది.

ఒక కిటికీ విలువ

ఇప్పుడు ‘రెండో తరగతి ఇల్లు’ సంగతి. బి1లో ప్రతి ఇంటికీ నాలుగు అంకెలు వేస్తారు. గోడలు రాయి, ఇటుక, కాంక్రీటు అయితే 1. మట్టి, చెక్క లాంటివైతే 0. కప్పు పలకరాయి, ఇనుము, పెంకు అయితే 1. గడ్డి లాంటిదైతే 0. గదులు ఒకటైతే 1, రెండు నుంచి నాలుగు దాకా 2, ఐదు, ఆరుకు 3, ఏడు నుంచి తొమ్మిది దాకా 4, పది నుంచి పన్నెండు దాకా 5, ఆపైన 6. ముందు కిటికీలు ఎన్ని ఉంటే అంత. నాలుగూ కూడితే మొత్తం. 1, 2 వస్తే నాలుగో తరగతి. 3 నుంచి 5 దాకా మూడో తరగతి. 6 నుంచి 10 దాకా రెండో తరగతి. 11, ఆపైన మొదటిది.

1901లో మన ఇంటికి గోడలు 1, కప్పు 0, గదులు 2, కిటికీలు 2. మొత్తం 5, మూడో తరగతి. 1911లో గోడలు 1, కప్పు 0, గదులు 2, కిటికీలు 3. మొత్తం 6, రెండో తరగతి.

తరగతిని పెంచింది ఒకే ఒక్క కిటికీ. కప్పు 1911 ఏప్రిల్‌లో కూడా గడ్డిదే. తరగతి మారడాన్ని చూసి కొత్త ఇల్లు కట్టారని రాసేవాళ్ళు కోకొల్లలు. అందుకే తరగతి గడిని చివర చూడాలి, ముందు కప్పు గడి. గదుల గడి కూడా మోసం చేస్తుంది: రెండు గదులకూ నాలుగు గదులకూ అదే 2. అసలు సంఖ్య కావాలంటే అదే వరుసలో కుడివైపుకు వెళ్ళి ‘ఈ కుటుంబం వాడే గదులు’ అన్న గడి చూడాలి. అక్కడ 1901లో 2, 1911లో 3. అంటే ఈ పదేళ్ళలో ఒక గది, దానికో కిటికీ చేర్చారు. 1901లో ఆ రెండు గదుల్లో ఉన్నది ఎనిమిదిమంది.

ఫారం బి2 దీన్ని బలపరిచింది. 1901లో బయటి కట్టడాలు రెండు: పశువుల కొట్టం, పందుల దొడ్డి. 1911లో వాటికి కోళ్ళగూడు, ధాన్యం కొట్టు చేరాయి. కుటుంబం చేతిలో కాస్త డబ్బు ఆడుతోంది, కానీ అది కప్పు మీదికి ఎక్కలేదు.

ఇంకొక ఉచ్చు ఉంది. ఇప్పుడున్న ఇంటికి కూడా ముందు మూడు కిటికీలే. 1911 అంకెతో సరిపోయింది కదా అని సంతోషించడం తేలిక. గడ్డికప్పు తీసి పలకరాయి వేసి ఉండొచ్చు కదా అని వాదించడమూ తేలికే. దాన్ని జనగణన తేల్చలేదు, పన్ను పుస్తకం తేల్చాలి.

వెనక్కి: పింఛను చీటీ

ముందు, కుటుంబం కరువు నాటికి ఉందా అన్న ప్రశ్న. యజమాని పుట్టింది 1864కి ముందు, జనన రిజిస్టర్ లేదు. ఆ పారిష్ చర్చి రిజిస్టర్లు కూడా అంత వెనక్కి వెళ్ళవు. ఇక్కడ ఆయన వయసు అబద్ధమే ఉపయోగపడింది. పింఛను దరఖాస్తుల వయసు సరిచూడటానికి అధికారులు అప్పటికింకా కాలిపోని 1841, 1851 పత్రాలు తెరిపించేవాళ్ళు. ఆ వెతుకులాట చీటీలు మిగిలాయి, నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లోనే ఉన్నాయి. దరఖాస్తుదారు తల్లిదండ్రుల పేర్లు, 1851లో కుటుంబం ఉన్న టౌన్‌ల్యాండ్, దొరికితే అప్పటి వయసు అందులో ఉంటాయి.

ఈయన చీటీలో టౌన్‌ల్యాండ్ ఇదే. 1851లో వయసు 8. అంటే 1901లో చెప్పిన 58 నిజం, 1911లో చెప్పిన 71 పింఛను కోసం. తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు కూడా వచ్చాయి. కాలిపోయిన లెక్కలోని ఒక ఇల్లు, ఒక ముసలాయన ఐదు షిల్లింగుల ఆశ వల్ల మిగిలింది. అరవై దాటిన యజమాని ఉన్న ప్రతి కేసులోనూ ఈ చీటీలు వెతకాలి. ఊరి పేరు రకరకాల స్పెల్లింగులతో ఉంటుంది కనుక ఇంటిపేరుతో పాటు తల్లి ఇంటిపేరుతోనూ ప్రయత్నించాలి.

తండ్రి పేరు చేతికొచ్చాక గ్రిఫిత్ వాల్యుయేషన్ తెరవచ్చు. 1847, 1864 మధ్య పన్ను కోసం దేశమంతటా అచ్చువేసిన పట్టిక ఇది. అనుభవదారు, అతనికి కౌలుకిచ్చినవాడు, ఎకరాలు-రూడ్లు-పర్చ్‌లలో నేల, నేల విలువ, కట్టడాల విలువ వరుసగా ఉంటాయి. ఎకరాకు 4 రూడ్లు, రూడుకు 40 పర్చ్‌లు. తండ్రి పేరు 7వ ప్లాటులో ‘బి’ ఇంటి ఎదుట ఉంది. 7 నేలకు, ‘బి’ ఇంటికి. ఈ రెండింటినీ కలిపి ఇంటి నంబరనుకోకూడదు. 7ఎ, 7బి, 7సి ముగ్గురికీ నేల ఒకే మొత్తంగా కట్టి చూపారు. పడమటి ఐర్లండ్‌లో రండేల్ అనే ఉమ్మడి సాగు అది. రెండో కుటుంబం, అదే పేరున్నది, 7సి. కట్టడాల విలువ మన ఇంటికి 10 షిల్లింగులు. పౌనుకు 20 షిల్లింగులు కనుక అర పౌను.

రంగు సిరాల పుస్తకం

గ్రిఫిత్ తర్వాత ఏ మార్పు జరిగినా రివిజన్ పుస్తకాల్లో కొట్టివేసి పైన రాసేవాళ్ళు. వీటినే క్యాన్సిల్డ్ బుక్స్ అంటారు. ఒకప్పుడు వాల్యుయేషన్ ఆఫీసు చేతిలో ఉండేవి. 2023 మార్చిలో ఆ ఆఫీసు టైల్టె ఎరన్ అనే కొత్త సంస్థలో కలిసింది. ఉత్తర ఐర్లండ్ పుస్తకాలు బెల్‌ఫాస్ట్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ప్రతి తనిఖీకి ఒక రంగు సిరా, కుడి అంచున అదే రంగులో సంవత్సరం. నలుపు-తెలుపు కాపీ తీసుకుంటే ఏ మార్పు ఏ ఏడాదిదో చెప్పడం అసాధ్యం. రంగు కాపీయే అడగాలి.

7బి వరుసలో తండ్రి పేరు కొట్టి కొడుకు పేరు రాసింది 1879లో. అది తండ్రి చనిపోయిన ఏడాది కానక్కర్లేదు, తనిఖీదారు గమనించిన ఏడాది. మరణాల రిజిస్టర్‌లో తండ్రి 1877లోనే ఉన్నాడు. రెండేళ్ళు వెనకబడటం పెద్ద విషయం కాదు, పదేళ్ళు వెనకబడిన పుస్తకాలూ ఉంటాయి. 7సి యజమాని పేరు పక్కన తండ్రి పేరు బ్రాకెట్టులో వేశారు. ఒకే పేరున్నవాళ్ళను విడదీయడానికి అప్పటి ఊరివాళ్ళు వాడిన పద్ధతినే గుమాస్తా పుస్తకంలోకి ఎక్కించాడు.

1914 సిరాలో వరుస మొత్తం మారిపోయింది. భూస్వామి పేరు కొట్టి కంజెస్టెడ్ డిస్ట్రిక్ట్స్ బోర్డు పేరు వచ్చింది. ఈ బోర్డు 1891 నుంచి 1923 దాకా పడమటి జిల్లాల్లో ఎస్టేట్లు కొని, ఉమ్మడి సాగును విడదీసి, రైతులకు విడివిడి చెక్కలుగా పంచింది. మన కుటుంబం 7వ ప్లాటు వదిలి 12వ ప్లాటుకు మారింది. కట్టడాల విలువ 10 షిల్లింగుల నుంచి 1 పౌను 15 షిల్లింగులకు పెరిగింది, వివరాల గడిలో కొత్త ఇల్లని గుర్తు. పాత 7బి ఇంటి విలువ తీసేశారు. తర్వాతి సిరాలో ఎల్‌ఏపీ ముద్ర, అంటే భూమి చట్టం కింద రైతే కొనుక్కున్నాడని.

10 షిల్లింగుల విలువ గ్రిఫిత్ నుంచి 1914 దాకా కదలలేదన్నది కూడా గమనించాలి. మూడో గది, మూడో కిటికీ వచ్చినా పన్ను పెరగలేదు. విలువ మారలేదంటే ఇల్లు మారలేదని కాదు; చిన్న చేర్పులను తనిఖీదారు పట్టించుకోలేదని మాత్రమే.

మ్యాపు, గోడ

1830ల చివరి, మైలుకు ఆరంగుళాల స్కేలున్న ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే) మ్యాపులో 7వ ప్లాటు ఇళ్ళన్నీ ఒక గుంపుగా ఉన్నాయి. 12వ ప్లాటు ఖాళీ పొలం. తర్వాతి ఇరవై అయిదంగుళాల మ్యాపులోనూ అక్కడ కట్టడం లేదు. ఇప్పుడున్న ఇల్లు 12లో ఉంది, పాత గుంపుకు సుమారు 200 మీటర్ల దూరంలో. కప్పు మార్చి ఉండొచ్చన్న వాదన ఇక్కడితో పోయింది: చోటే వేరు.

పాత గుంపులో ఇప్పుడు పశువులను కట్టేస్తున్న ఒక మొండిగోడల కట్టడం మిగిలి ఉంది. ముందుగోడలో మూడు కిటికీల ఖాళీలు. రెండో కిటికీకీ మూడో కిటికీకీ మధ్య రాళ్ళు ఒకదానిలోకి ఒకటి కొరుక్కోకుండా, పైనుంచి కిందిదాకా నిలువుగా ఒక అతుకు కనిపిస్తుంది. 1901కీ 1911కీ మధ్య చేర్చిన గది అదే. జనగణన అంకెకు గోడలోనే సాక్ష్యం దొరకడం అరుదు, అందుకని ఫొటో తీసేటప్పుడు స్కేలు పెట్టి అతుకును ఎదురుగా, పక్కనుంచి రెండు విధాలా తీయాలి.

నివేదికలో జవాబులు ఇలా వెళ్ళాయి. కుటుంబం 1851లో ఈ టౌన్‌ల్యాండ్‌లోనే ఉంది: పింఛను చీటీ చెబుతోంది, గ్రిఫిత్ దాన్ని బలపరుస్తోంది. అంతకు ముందు సంగతికి ఆధారం లేదు. పలకరాయి ఇల్లు 1911 ఏప్రిల్ తర్వాత, 1914 తనిఖీకి ముందు కట్టింది. తాతగారు పుట్టింది పాత గుంపులోని 7బి ఇంట్లో, అప్పటికి రెండు గదులు, గడ్డికప్పు. 1910లో వెళ్ళిపోయినవాడు ఫొటోలోని ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉండి ఉండడు. ఆ ఇల్లు కట్టింది ఊళ్ళో మిగిలిన అన్నదమ్ముల కాలంలో. వాళ్ళలో పొలం ఎవరికి దక్కిందో చూడాలంటే 1926 ఏప్రిల్ 18 నాటి లెక్క తెరవాలి. దాని నూరేళ్ళ గడువు 2026 ఏప్రిల్ దాకా. ఆ పత్రంలో వయసు ఏళ్ళతో పాటు నెలల్లోనూ అడిగారు, యజమానిని సాగు భూమి విస్తీర్ణం కూడా అడిగారు. ఆ అంకెను రివిజన్ పుస్తకంలో 12వ ప్లాటు ఎకరాలతో సరిపోల్చుకోవాలి.